నీళ్ళు నిలబడే వేళ

సుగుణ విసిరిన కొబ్బరి డొక్క నీళ్ళలో ఒకసారి మునిగి, పైకి తేలి, కాసేపు పడినచోటే తిరిగింది. రేవు మెట్టుమీద చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ మధ్య నొక్కుకుని కూర్చుని ఆమె దాన్నే చూస్తోంది. అప్పుడే తెల్లవారింది. అవతలి గట్టున కృష్ణా జిల్లా వైపు తాటిచెట్లు ఇంకా మంచులోనే ఉన్నాయి. డొక్క మెల్లగా కొల్లేటి వైపుకు కదిలింది. అంటే పోటు ఇంకా అయిపోలేదన్నమాట.

సముద్రం ఎంత దూరాన ఉన్నా దాని పోటు ఉప్పుటేరు పొడుగునా ఎగబాకి ఆకివీడు దాకా వస్తుంది. పోటు ఉన్నంతసేపూ ఏరు వెనక్కి, కొల్లేటి వైపుకు నడుస్తుంది. పాటు తీసినప్పుడు మళ్ళీ సముద్రం వైపుకు తిరుగుతుంది. ఆ రెంటికీ మధ్య నీళ్ళు కొంచెంసేపు ఎటూ పోకుండా నిలబడతాయి. ఏటా ఈ ఏట్లో జరిగే ఈతపందెం మొదలుపెట్టవలసింది అప్పుడే. కాని ఆ వేళ రోజూ ఒకలా ఉండదు. నేటికంటే రేపు మరికాస్త ఆలస్యంగా వస్తుంది. చంద్రుణ్ణి బట్టి, పైనించి దిగే నీటిని బట్టి అటూ ఇటూ అవుతుంది. ఈ సంగతులేవీ రెండు నెలల కిందట సుగుణకు తెలియవు. దెందులూరులో, రోడ్డు పక్క ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. నీళ్ళంటే ఆమెకు బావిలో ఉండేవి, బిందెలో ఉండేవి. ఏరంటే భయం.

మెట్ల పక్కన పడవలో కూర్చుని తోమా వల బాగుచేసుకుంటున్నాడు. పందెం పెట్టినప్పటినించీ ఈతగాళ్ళ వెంట పడవ నడిపేది అతనే. జుట్టు ముగ్గుబుట్టయినా చేతులు మాత్రం కుర్రాడివే.

"ఎక్కుతున్నాయామ్మా ఇంకా?"

"ఇంకా ఎక్కుతున్నాయి తోమా."

"కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటోళ్ళు తెగ్గొట్టేక ఏటి బుద్ధే మారిపోయిందమ్మా. పైనించి నీళ్ళు తోసేస్తన్నాయి. పోటు ఇదివరకులాగా నిలబడలేకపోతంది." అతను దారం పళ్ళతో తెంపి, వల తిరగేశాడు. "ఆదివారమే గదమ్మా పందెం?"

సుగుణ నీళ్ళమీదనించి చూపు తిప్పకుండా, అవునని తలూపింది.

డొక్క ఆగింది. పక్కనే కొట్టుకొస్తున్న గుర్రపుడెక్క తుట్టె కూడా ఆగింది. ఏరంతా ఒక్కసారిగా మాట మరిచిపోయిన మనిషిలా అయిపోయింది. సుగుణ చేతికున్న గడియారం చూసుకుంది. అది భర్తది. ఆమె మణికట్టుకు వదులై మోచేతిదాకా జారిపోతూ ఉంటుంది. ఎప్పుడు ఆగిందో చూసుకుని, మళ్ళీ కదిలేదాకా ఊపిరి బిగబట్టినట్టు కూర్చుంది. చివరికి డొక్క సముద్రం వైపుకు తల తిప్పింది. నిన్నటి లెక్కనిబట్టి రావలసిన వేళకు కాస్త ముందుగానే. ఆమె లేచి, కుచ్చెళ్ళు దులుపుకుని, ఇంటిదారి పట్టింది.

జరగని పందేనికి ఆమె రోజూ వచ్చి నీళ్ళు చూసి వెళ్తోంది. ఆ సంగతి ఆ రేవులో ఎవరికీ తెలియదు.

*

ఐసు లారీలు బయల్దేరే వేళ. రోడ్డంతా తడి, చేపల వాసన, లారీల కిందనించి కారే చల్లని నీళ్ళు. సుగుణ గోడ వారగా నడిచింది. బక్కపలచటి మనిషి. నలభై ఎనిమిదేళ్ళకే బుగ్గలు లోపలికి పోయాయి. వేళ్ళ చివర్లు తెల్లగా నాని, రొయ్యల ముళ్ళు గుచ్చుకున్నచోటల్లా నల్లచుక్కలు పడ్డాయి. ఆ చేతుల్ని ఆమె బజారులో కొంగుకింద పెట్టుకుని నడుస్తుంది. డ్రిల్లు మాస్టారి భార్య రొయ్యల షెడ్డులో తలలు తీస్తోందని ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా కొంగు కింద పెట్టుకుంటుంది.

మిషను స్కూలు వెనక సందులో రెండు గదుల పెంకుటిల్లు. ముందుగదిలో కిటికీ దగ్గర మంచం. మంచం నిండా ప్రసాదరావు. మనిషి పడిపోయి ఏడాది కావస్తున్నా భుజాలు మాత్రం తగ్గలేదు. ఒకప్పుడు ఉప్పుటేటిని ఈ గట్టునించి ఆ గట్టుకు ఊపిరి పీల్చుకోకుండా దాటిన భుజాలు. కుడివైపు చెయ్యీ కాలూ ఎవరో తెచ్చి పక్కన పెట్టినట్టు పడి ఉంటాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. కళ్ళు మాత్రం పాతవే. గుమ్మంలో ఆమె నీడ పడగానే ఆ కళ్ళు లేచాయి.

"నీ...ల్లు?"

"చెప్తాను, ఉండండి. ముందు మొహం తుడవనివ్వండి."

అతను ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ముందు చెప్పమని. ఆమె మంచం పట్టెమీద కూర్చుని చెప్పింది. డొక్క ఎప్పుడు ఆగిందో, ఎంతసేపు ఆగిందో, ఎలా తిరిగిందో. గుర్రపుడెక్క కూడా ఆగిందని చెప్పింది. తోమా అన్న మాట చెప్పింది. అతను కళ్ళు మూసుకున్నాడు. ఎడమచేతి చూపుడువేలు దుప్పటిమీద అటూ ఇటూ కదిలింది, కొల్లేటివైపు ఒకసారి, సముద్రంవైపు ఒకసారి. ఆ వేలు కదులుతున్నంతసేపూ అతను రోగి కాడు. సుగుణకు అది చూడటం ఇష్టం. రాగిజావ చల్లారిపోతున్నా చూస్తూ కూర్చుంటుంది.

ఆ పందెం ఆయన పెట్టిందే. ముదినేపల్లినించి అన్‌ఎయిడెడ్ పోస్టులో డ్రిల్లు మాస్టారుగా వచ్చిన కొత్తలో, ఏటి ఒడ్డు పిల్లలు బాగా ఈదుతున్నారని నలుగుర్ని పోగేసి మొదలుపెట్టాడు. తరవాత ఏలూరులో ఈత సంఘంవాళ్ళు దాన్ని తమదిగా చేసుకుని, ఏటా ఫిబ్రవరిలో జిల్లా పందెంగా జరిపించారు. తొలినాళ్ళలో ఒక ఏడాది ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడని, ఆయన చేత జెండా ఊపించాలని, పందెం కూడా ఆలస్యంగా మొదలుపెట్టారు. అప్పటికే పాటు ఊపందుకుంది. వంపు దగ్గర వలలు కట్టే గుంజలమీదకు అహరోను అనే కుర్రాణ్ణి ఏరు విసిరికొట్టింది. ప్రసాదరావు బట్టలతోనే దూకి తీసుకొచ్చాడు. ప్రాణం దక్కింది కాని ఆ పిల్లవాడి చెయ్యి మళ్ళీ సరిగా లేవలేదు. ఆ తరవాత వేళ నిర్ణయించే పని ప్రసాదరావు ఎవరికీ వదలలేదు. కలెక్టరు వచ్చినా, బిషప్పు వచ్చినా, నీళ్ళు నిలబడగానే ఈల ఊదేసేవాడు.

ఏటా సంక్రాంతి సెలవులు అయిన దగ్గరనించి ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు. ఉన్నా ఉన్నట్టు కాదు. అన్నం ముందు కూర్చుని గాలి ఎటు వీస్తోందో చూసేవాడు. పందెంనాడు సుగుణ గట్టుమీద పెద్ద గిన్నెలో ఉప్మా చేసి ఈతగాళ్ళకు పెట్టేది. అది ఆమె వంతు. నీళ్ళవైపు వీపు పెట్టుకుని పొయ్యి ముందు కూర్చునేది. ఆయనకు ఏరు ఉంది, తనకు గిన్నె ఉంది అనుకునేది. దానిమీద పోట్లాడలేదు. పోట్లాడితే వినేవాడా అన్నది కూడా తెలియదు.

కిందటి ఏడాది వేసవిలో స్కూలు మైదానంలో పిల్లల్ని వరసలో నిలబెడుతూ పడిపోయాడు. భీమవరంలో ఆసుపత్రి, తరవాత ఇల్లు. పర్మనెంటు పోస్టు కాదు కాబట్టి స్కూలుకు కొత్త మాస్టారు వచ్చాడు. సుగుణ షెడ్డుకు వెళ్ళింది. ఎన్నో నెలలు ఆయన కప్పువైపు చూస్తూ పడుకున్నాడు. ఒక్క మాట లేదు. తిండి పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. పోవాలని ఉన్నవాడిలాగే ఉన్నాడు.

డిసెంబరులో ఏలూరునించి ఈశ్వరరావుగారు ఫోను చేశాడు. మెయిన్‌బజారులో ఆటసామాన్ల కొట్టు ఉన్న షావుకారు, ఈత సంఘానికి కార్యదర్శి. ఏటిలో పందెం ఇక ఉండదని చెప్పాడు. ఖర్చు పెట్టుకునే చేపల చెరువుల రైతులంతా ఆ ఏడాది గట్లు పోగొట్టుకుని కూర్చున్నారు. సంఘంలో కొత్తగా వచ్చినవాళ్ళు ఏరు ప్రమాదమంటున్నారు. ఏలూరులో కొత్తగా కట్టిన కొలనులో పెట్టుకుంటారట. మాస్టారికి ఎలా చెప్పాలో తెలియక మీకు చెప్తున్నానమ్మా అన్నాడు.

ఆ మాట చెప్పడానికే సుగుణ మంచం దగ్గరకు వచ్చింది. నోరు తెరవబోతుంటే ఆయన తల తిప్పి, పెదవులు కూడబలుక్కుని, పడిపోయిన తరవాత మొట్టమొదటిసారి ఒక మాట అన్నాడు. "పో...టు." ఆమెకు అర్థంకాలేదు. మళ్ళీ అన్నాడు. పందెం వస్తోంది, పోటు ఎలా ఉందో చూసి చెప్పమని. కళ్ళలో నీళ్ళు, ఆశ, చిన్నపిల్లాడి తొందర.

"చూసొస్తానండీ," అంది ఆమె.

అంతే. అలా మొదలైంది. నాలుగు రోజులు చూసి మానేస్తాడు, మరపు వస్తుంది అనుకుంది. రాలేదు. రోజుకో మాట వచ్చింది. ఆకలి వచ్చింది. ఒకరోజు సరిగా చూడలేదని ఆమెమీద కోపం కూడా వచ్చింది. ఆరోజు సుగుణ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన మాటకోసం ఆ మనిషి ఇలా గుమ్మంవైపు చూసింది లేదు. ఆ చూపు పోగొట్టుకోవడం ఆమెవల్ల కాలేదు.

ఇప్పుడు ఆదివారం వచ్చేస్తోంది. ఇవాళ గురువారం. ఆదివారం పొద్దున్న లేచి ఆయన తనను కుర్చీలో గట్టుమీదకు మోయించమని అడుగుతాడు. అప్పుడేం చెప్పాలి? వాన అని చెప్పాలా? కిటికీ ఉందిగా. వాయిదా పడిందంటే ఎప్పటికంటాడు? తాడేపల్లిగూడెంలో నర్సుగా పనిచేస్తున్న కూతురు శాలిని కిందటి వారం వచ్చినప్పుడు, చెప్పెయ్యమని బతిమాలింది. సుగుణ వినలేదు. "అయితే ఆరోజు నన్ను రమ్మనకమ్మా. నాన్న మొహం నేను చూడలేను," అని బస్సెక్కింది. చర్చిలో మోకరించినప్పుడు సుగుణకు ప్రార్థన రావడం లేదు. అబద్ధం మధ్యలో పెట్టుకుని దేవుణ్ణి ఏమని అడుగుతుంది? ఆదివారం రాకుండా చెయ్యి ప్రభువా అని మాత్రం అడుగుతోంది.

*

జావ పట్టించి, మొహం తుడిచి, పక్క మార్చి, షెడ్డుకు బయల్దేరబోతూ ఉండగా సందు మొదట్లో ఈశ్వరరావు కనిపించాడు. స్థూలకాయం, తెల్లచొక్కా, చేతిలో బత్తాయిల సంచి. వసూళ్ళకు భీమవరం వెళ్తూ ఆగినట్టున్నాడు. సుగుణ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. మలుపులోనే ఆయన్ని ఆపేసింది. ఏడాదినించీ అనుకుంటూ కూడా మాస్టారిని చూడలేకపోయానని, పందెం సంగతి స్వయంగా క్షమాపణ చెప్పుకుని పోదామని వచ్చానని ఆయన అన్నాడు.

"ఆయనకి తెలీదండీ," అంది సుగుణ.

ఈశ్వరరావుకు అర్థంకాలేదు. ఆమె గబగబా చెప్పింది. రోజూ రేవుకు వెళ్ళడం, వచ్చి చెప్పడం, ఆయన లెక్క కట్టడం. చెబుతుంటే తనకే తన గొంతు వేరే ఎవరిదోలా వినిపించింది. ఈశ్వరరావు సంచి ఒక చేతిలోనించి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"రెండు నెలలనించీ ఇలాగే చెప్తున్నారా అమ్మా?"

"మీరేమీ అనకండి. అడిగితే తలూపండి, చాలు."

"నాకు చేతకాదమ్మా. ఆయన మొహం చూసి ఎలా? పోనీ ఇవాళంటే ఊరుకున్నాం. ఆదివారం ఏం చేస్తారు?"

ఆమె చేతులు జోడించింది. తెల్లగా నానిపోయిన ఆ వేళ్ళు ఈశ్వరరావు అప్పుడే చూశాడు. చూసి తల దించుకుని ఆమె వెనక నడిచాడు.

ప్రసాదరావు ఆయన్ని చూసి లేవబోయాడు. లేవలేక ఎడమచేత్తో మంచం పట్టె చరిచాడు. సంతోషం ఎక్కువై మాట పూర్తిగా ముద్దయిపోయింది. సుగుణ పక్కన నిలబడి ఒక్కొక్క మాటే తీసి చెప్పింది. పడవలు కుదిరాయా అని అడుగుతున్నారండి. వంపు దగ్గర గుంజలు ముందురోజే పీకించాలంటున్నారండి. ఆడపిల్లలు ఎంతమంది పేర్లిచ్చారో అడుగుతున్నారండి. ఈశ్వరరావు కుర్చీ అంచుమీద కూర్చుని బత్తాయి ఒకటి తీసి వొలుస్తున్నాడు. తొక్క ఊడుతున్నా తొనలు విడదీయడం మరిచిపోయి, అలాగే చేతిలో పట్టుకున్నాడు.

"అన్నీ చూసుకుంటాం మాస్టారూ," అన్నాడు ఈశ్వరరావు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "గుంజలు పీకించేస్తాం. మీరు వేళ చెప్పాలండి. అందరూ దానికోసమే చూస్తున్నారు."

ప్రసాదరావు కళ్ళు మూసుకున్నాడు. వేలు దుప్పటిమీద కదిలింది. పాత లెక్కల ప్రకారం అయితే ఆ ఆదివారం నీళ్ళు పది గంటలకు నిలబడాలి. కాని ఏరు మారిపోయింది. సుగుణ రోజూ తెచ్చిన కబుర్లన్నీ ఆయన లోపల ఎక్కడో వరసగా పెట్టుకుని ఉన్నాడు. వాటినన్నిటినీ ఒకసారి తిరగేసి చూసుకుంటున్నట్టు నుదురు ముడిపడింది. తరవాత విడిపోయింది.

"తొ...మ్మి..."

"తొమ్మిదా అండీ?" అంది సుగుణ.

కాదని తల అడ్డంగా ఊపి, వేలు కొంచెం ముందుకు జరిపి చూపించాడు.

"తొమ్మిదింపావు."

అవునన్నాడు. అని, ఆమెవైపు తిరిగి ఎడమచెయ్యి చాచాడు. ఈశ్వరరావు ముందు ఆమె సిగ్గుపడింది. అయినా ఇచ్చింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని, ఈశ్వరరావుకు చూపిస్తున్నట్టు కొంచెం పైకెత్తాడు. ఏదో చెప్పబోయాడు. ఆ మాట మాత్రం సుగుణకు కూడా అర్థంకాలేదు. రెండుసార్లు అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

సుగుణ వెంట వస్తుంటే ఈశ్వరరావు సందు చివరిదాకా నడిచాడు. మలుపులో ఆగి జేబురుమాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు. కమిటీవాళ్ళను ఇంకోసారి అడిగి చూస్తానన్నాడు. వెంటనే, వాళ్ళు ఒప్పుకోరని తనే అన్నాడు. రెండు రోజుల్లో ఏమి కుదురుతుంది, ఎవరు వస్తారు? వచ్చే ఏడాదైనా అని మొదలుపెట్టి ఆపేశాడు. వెళ్తూ వెళ్తూ, "నన్ను క్షమించాలమ్మా," అన్నాడు. ఎందుకు క్షమించాలో, అబద్ధం చెప్పినందుకో పందెం నిలబెట్టలేకపోయినందుకో, ఆమె అడగలేదు.

*

పక్కింటి మార్తమ్మను మంచం దగ్గర కూర్చోబెట్టి సుగుణ షెడ్డుకు వెళ్ళింది. ఆలస్యమైందని మేస్త్రీ గొణిగాడు. రేకుల షెడ్డు, కింద తడి సిమెంటు, కుప్పలుగా పోసిన రొయ్యలు, పైన ఐసు. ఆడవాళ్ళంతా పీటలమీద వరసగా కూర్చుని తల విరిచి, తొక్క లాగి, పక్కనున్న ట్రేలోకి విసురుతారు. విరుపు, లాగు, విసురు. మధ్యాహ్నం అయ్యేసరికి వేళ్ళలో స్పర్శ పోతుంది. అదొక మేలు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

చేతులు వాటంతట అవి పనిచేస్తుంటే సుగుణ ఆదివారం గురించి ఆలోచించింది. తోమాను అడిగితే? ఊళ్ళో పిల్లలు నలుగుర్ని పోగుచేసి ఏట్లో దింపితే? దూరంనించి ఆయనకు తలకాయలు కనబడితే చాలు. ఎవరి పిల్లల్ని దింపుతుంది? ఏదైనా అయితే? అహరోను చెయ్యి గుర్తొచ్చింది. పోనీ నిజం చెప్పేస్తే? ఇవాళే, ఇంటికి వెళ్ళగానే. కాళ్ళమీద పడి చెప్పేస్తే? ఆయన మళ్ళీ కప్పువైపు తిరిగి పడుకుంటాడు. ఈసారి ఆ మనిషి ఇటు తిరగడు. రొయ్య తరవాత రొయ్య. ఏ దారిన వెళ్ళినా చివర్లో ఆదివారమే ఉంది. పక్కన కూర్చున్న దానమ్మ, ఏంటే ఏడుస్తున్నావని అడిగింది. ఐసు నీళ్ళు చిందాయని చెప్పింది.

పొద్దు వాలాక పని వదిలారు. ఇంటికొచ్చేసరికి మార్తమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మాస్టారు మధ్యాహ్నం అన్నం బాగానే తిన్నాడని, చాలాసేపు కిటికీలోంచి చూస్తూ దుప్పటిమీద వేలు ఆడించుకుంటూ ఉన్నాడని, తరవాత నిద్రపోయాడని చెప్పింది. లేపలేదమ్మా, హాయిగా పడుకున్నారు అంది.

సుగుణ నేరుగా మంచం దగ్గరకు వెళ్ళలేదు. షెడ్డునించి వచ్చిన చేతులతో ఆయన్ని ముట్టుకుంటే ఉలిక్కిపడతాడు. అంత చల్లగా ఉంటాయి. వంటింట్లో పొయ్యి రాజేసి, రెండు చేతులూ మంటకు చూపించి కూర్చుంది. వేళ్ళలోకి ప్రాణం వస్తున్నకొద్దీ ముళ్ళు గుచ్చుకున్నచోటల్లా సలుపు మొదలైంది. బాగా వెచ్చబడేదాకా కాచుకుంది. ఆ మంట ముందు ఒక నిర్ణయానికి వచ్చింది. చెప్పేస్తుంది. అన్నం తినిపించాక, మెల్లగా, చెయ్యి పట్టుకుని.

చేతులు చెంపలకు ఆనించి చూసుకుని, లేచి వెళ్ళి, ఆయన నుదుటిమీద అరచెయ్యి వేసింది.

చల్లగా ఉంది.

మొదట తన చెయ్యే ఇంకా వేడెక్కలేదేమో అనుకుంది. మళ్ళీ చెంపకు పెట్టుకుని చూసుకుంది. వెచ్చగానే ఉంది. ఆయన ముఖం కిటికీవైపు తిరిగి ఉంది. లాగేసిన మూతి కొంచెం సర్దుకున్నట్టుంది. ఎడమచేతి చూపుడువేలు దుప్పటిమీద చాచి, సముద్రంవైపుకు ఆగిపోయి ఉంది.

సుగుణ అరవలేదు. మంచం పట్టెమీద ఎప్పుడూ కూర్చునేచోటనే కూర్చుంది. ఆదివారం ఏం చెప్పాలో ఇక వెతుక్కోనక్కర్లేదు అనిపించింది. తేలికగా, ఎవరో వీపుమీద బస్తా దింపినట్టు. అలా అనిపించినందుకే ఆమె ఒక్కసారిగా ముందుకు వాలి, ఆయన గుండెమీద తల పెట్టి, పిడికిళ్ళతో తన నోరు తనే మూసుకుంది. ఏం వినబడిందో ఏమో, మార్తమ్మ చిక్కుడుకాయల పళ్ళెం వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

*

శుక్రవారం సాయంత్రం మిషను సమాధులతోటలో పెట్టారు. స్కూలుకు సెలవిచ్చారు. చాలామంది వచ్చారు. పెద్దవాళ్ళయిన పాత ఈతగాళ్ళు కొందరు వచ్చి పెట్టె మోశారు. ఈశ్వరరావు ఒక మూల నిలబడి, అందరూ వెళ్ళాక వెళ్ళాడు. శాలిని తల్లిని వదలకుండా పట్టుకునే ఉంది. చెప్పేశావా అని కూతురు అడుగుతుందని సుగుణ భయపడింది. ఆ పిల్ల అడగలేదు.

ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్దామని శాలిని తెల్లచీర తీసి ఇచ్చింది. సుగుణ కట్టుకుంది. సందు చివరిదాకా కలిసి నడిచింది. తొమ్మిదింటికి చర్చి రెండో గంట మోగుతుండగా, నువ్వు వెళ్ళమ్మా, నేను వెనకాల వస్తాను అని చెప్పి, ఏటివైపు తిరిగింది. ఎందుకు తిరిగిందో ఆమెకే తెలియదు. రెండు నెలలుగా అలవాటైన దారి, కాళ్ళు నడిచాయి. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరని గట్టెక్కుతుంటే గుర్తొచ్చింది. అయినా ఎక్కింది.

ఎక్కి, నిలబడిపోయింది.

రేవులో మూడు పడవలు ఉన్నాయి. ముక్కులకు ఎర్రగుడ్డలు కట్టి ఉన్నాయి. ఉతికిన చొక్కా, కొత్త లుంగీ కట్టుకుని తోమా గట్టుమీద నిలబడి రోడ్డువైపు చూస్తున్నాడు. ఆమెను చూసి తలగుడ్డ తీశాడు.

"మొన్న సమాధులకాడ అడుగుదామనుకున్నానమ్మా. ఆ టైములో ఎలా అడుగుతాను? మాస్టారు పోయినా ఆయన పందెం ఆగదు గదా అని నిన్న సాయంత్రమే గుంజలు పీకేసి, ఈతగాళ్ళు బయల్దేరేచోట ఏటికడ్డంగా తాడు కట్టేసేను." అతను మళ్ళీ రోడ్డువైపు చూశాడు. "ఈతగాళ్ళు ఇంకా రాలేదేంటమ్మా? టైము అయిపోతన్నట్టుంది."

సుగుణ పడవలకు కట్టిన ఎర్రగుడ్డలవైపు చూసింది. తోమా ఓపిగ్గా నిలబడ్డాడు.

"రారు తోమా," అంది చివరికి. "పందెం లేదు. డిసెంబర్లోనే తీసేశారు. ఆయనకి చెప్పలేక... నీకూ చెప్పలేదు."

తోమా ఆమెవైపు చూశాడు. తరవాత పడవలవైపు. మెట్లు దిగి, పడవల ముక్కులకున్న ఎర్రగుడ్డలు ఒక్కొక్కటే విప్పి, మడతపెట్టి, భుజాన వేసుకున్నాడు. మిగతా ఇద్దరు పడవవాళ్ళకు చెప్పడానికి అవతలి పాకవైపు వెళ్తూ ఆగి, తాడు కూడా తీసెయ్యమంటారా అమ్మా అని అడిగాడు.

"కాసేపు ఉండనీ," అంది సుగుణ.

మెట్టుమీద కూర్చుంది. చర్చిలో పాట మొదలైంది. గాలికి ఒక్కొక్క ముక్కే ఇక్కడిదాకా వచ్చి పోతోంది. ఆమె గడియారం వైపు చూసుకోలేదు. ఏటికి అడ్డంగా, ఈ గట్టునించి ఆ గట్టుదాకా, తాడుకు కట్టిన తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలు కొల్లేటి వైపుకు గాని, సముద్రం వైపుకు గాని వంగకుండా, ఒకే ఒక్క గీతలా నిలబడి ఉన్నాయి.